తోడు పండు: వరంగల్‌లో తొమ్మిది రోజులు

1943 మే 9, ఆదివారం, సాయంత్రం. వరంగల్ రైలు స్టేషను. ఉన్నవారు: నేను, నన్ను ఉత్తరం రాసి పిలిపించిన పండ్ల వ్యాపారి వీరేశం, ఆయనకు పదడుగుల దూరంలో, తలపాగా విప్పి చేతిలో పట్టుకున్న మామిడితోట కాపలాదారు కొమురయ్య.

ఆ ఇద్దరూ నా సంచీ కోసం ఒకేసారి చెయ్యి చాపారు. ఒకరి చెయ్యి ఒకరికి తగలగానే ఇద్దరూ వెనక్కు తీసుకున్నారు. సంచీ నేనే మోసుకున్నాను. తగవు తీర్చడానికి వచ్చినవాడు ఏ పక్షం చేతా బరువు మోయించుకోకూడదు.

తగవు ఇది. హనుమకొండ దాటి రెండు కోసుల దూరంలో ఒక దొరవారి మామిడితోట ఉంది. ఏటా ఆ తోట కాపును వీరేశం కొంటాడు. కాయలు తన ఇంట్లో మాగబెట్టి, రంగు తిరిగాక గంపలకెత్తి హైదరాబాదు పంపుతాడు. ఆ ఏడు రెండుసార్లు పంపితే, రెండుసార్లూ గంపలు విప్పేసరికి పండ్లు నల్లబడి, పట్టుకుంటే వేలు దిగిపోయేట్టు ఉన్నాయట. కాయ తోటలోనే చెడిందని వీరేశం అంటాడు. చెట్టు దిగినప్పుడు నిగనిగలాడుతూ ఉందని కొమురయ్య అంటాడు. దొర ఇద్దరి మాటా విని, తప్పు తోటదని తేలితే కొమురయ్య తోట విడిచి పోవాలన్నాడు. కొమురయ్యకు ఆ తోటలోని గుడిసె తప్ప వేరే ఇల్లు లేదు. ఇరవై ఏళ్ళుగా భార్యతో అక్కడే ఉంటున్నాడు.

నేను సర్కారు పండ్లతోటల శాఖలో ముప్ఫై ఏళ్ళు పనిచేసి విశ్రాంతి తీసుకున్నవాణ్ణి. వీరేశం తండ్రి మా నూజివీడు వచ్చి మామిడి అంటుమొక్కలు కొనేవాడు. ఆ పరిచయం మీద నన్ను పిలిచారు. పండు తెలిసినవాడు, ఇద్దరికీ ఏమీ కానివాడు కావాలన్నారు. ఊరికి తిరిగి వచ్చాక, డైరీ ముందు పెట్టుకుని ఇది రాస్తున్నాను.

దారిలో

బెజవాడ దాటిన తరవాత నిజాం సరిహద్దులో కరోడ్గిరి వాళ్ళు బండి ఎక్కుతారు. సరుకు సోదా చేసి సుంకం వసూలు చేసే శాఖ అది. నా దగ్గర ఉన్న సరుకల్లా వీరేశం ఇంటికి పట్టుకెళ్తున్న రెండు డజన్ల చిన్నరసాలు. వచ్చిన జవాను బుట్ట మూత తీసి, ఒక్కొక్క పండునూ బొటనవేలితో నొక్కి చూశాడు. లోపల ఏదో దాచానని అనుమానమో, పండిందో లేదో చూడాలన్న సరదాయో తెలియదు. నాలుగు పండ్లు సుంకం కింద తీసుకున్నాడు. రసీదు ఇవ్వలేదు.

మానుకోటలో ఒక మరిపెడ రైతు ఎక్కాడు. మనిషి పొడుగు, మాట పెద్దది. బుట్ట వాసన చూసి, "ఏడికి పోతాండ్రు బాపూ, పండ్లు పట్టుకోని?" అని అడిగాడు. వరంగల్ అన్నాను. ఇంట్లో కావు వేసినవే అని కూడా అన్నాను. మా వైపు కాయల్ని గడ్డిలో పెట్టి పండించడాన్ని కావు వేయడం అంటాం.

"ఏవి కావు?" అన్నాడు.

"ఇవే. కావు."

"మామిడిపండ్లు కావా? మరేంది, దోసకాయలా?"

పెట్టెలో అందరూ నవ్వారు. నేను వివరంగా చెప్పాక, "ఓ, మాగవెట్టినవా! గట్ల చెప్పరాదు మరి. కావు కావు అంటాంటే కాకి అరుస్తాందనుకున్న," అన్నాడు. దిగేటప్పుడు తన మూటలోంచి జొన్నరొట్టె, ఉల్లిగడ్డ తీసి నా చేతిలో పెట్టాడు. మా వైపు పరిచయం లేనివాళ్ళు రైల్లో ఒకరి చేతి అన్నం ఒకరు తినరు. నేను తిన్నాను. రొట్టె గట్టిగా ఉంది కాని కారప్పొడి మాత్రం నాలుక మీద చాలాసేపు నిలిచింది.

వరంగల్ స్టేషను బయట నా దగ్గరున్న ఇంగ్లీషు రూపాయిని టాంగావాడు తిప్పి తిప్పి చూశాడు. అక్కడ నిజాం నాణెం, హాలీ సిక్కా, చెల్లుతుంది. మన రూపాయికి వాళ్ళది రూపాయి మీద కొన్ని అణాలు ఎక్కువ వస్తాయి. బేరం తెగకముందే వీరేశం డబ్బులిచ్చేశాడు. కొమురయ్య టాంగా ఎక్కలేదు. రెండు కోసులకు పైనే ఉన్న తోటకు ఆ ఎండ వేడిలోనే నడిచి వెళ్ళిపోయాడు.

మాగగది

మర్నాడు పొద్దున్నే నా బుట్ట విప్పాం. ఇరవై పండ్లలో ప్రతిదాని మీదా బొటనవేలంత నల్లమచ్చ. జవాను నొక్కిన చోటల్లా కమిలి, రాత్రికి రాత్రి మచ్చ తేలింది. పండు తెలిసినవాడినని వచ్చినవాడు తెచ్చిన కానుక అది.

"ఫికర్ చేయకుండ్రి పంతులుగారూ, మా పండ్లకు మీ పండ్లు జోడు," అన్నాడు వీరేశం. ఆ ఇంటికి వెళ్ళాక ఆయన నవ్వడం అదే మొదటిసారి చూశాను.

వీరేశం భార్య సత్తెమ్మ సర్వపిండి పెట్టింది. బియ్యప్పిండిలో నువ్వులు, పల్లీలు, ఉల్లికాడలు కలిపి, గిన్నె లోపలి వైపు అంటించి కాల్చే రొట్టె. యుద్ధం వల్ల నూనె దొరకడం కష్టంగా ఉందని, ఉన్నదంతా నా రొట్టెకే పోసిందని తరవాత తెలిసింది.

పెరటి వైపు చీకటి గది మాగగది. నేల మీద వరిగడ్డి పరిచి, కాయలు గుండ్రంగా పేర్చి, మళ్ళీ గడ్డి కప్పుతారు. మేము బంగినపల్లి అనే పండును అక్కడ బేనిషాన్ అంటారు. నిషాన్ అంటే గుర్తు, మచ్చ. మచ్చ లేని పండు అని ఆ పేరుకు అర్థం. ఆ గదిలో ఒక మూల, హైదరాబాదు నుంచి తిరిగి వచ్చిన గంపల్లో మచ్చ లేని పండు ఒక్కటీ కనపడలేదు. కొన్ని ముచ్చిక దగ్గర మొదలై కిందికి నల్లబడ్డాయి. కొన్ని బుగ్గ మీద కుళ్ళాయి. వేలితో రాస్తే మసిలాంటి పొడి అంటింది. ఆ పొడే బూజు. కంటికి పొడి, కాని ప్రతి రేణువూ ఒక విత్తనం. గాయమో తడో దొరికితే చాలు, మొలుస్తుంది. అయితే గంపల్లో ఎత్తి దించి కలిపేసిన పండ్లు ఎక్కడ మొదట చెడ్డాయో ఏమీ చెప్పవు.

అప్పటికే విప్పేసిన ఒక కుప్ప పండ్లలోంచి సత్తెమ్మ ఒకటి ఏరి, పసుపు రాసి, బొట్టు పెట్టి, గూట్లో పెట్టింది. అదేమిటని అడిగాను.

"తోడు పండు, బాపూ. అన్నిట్లకు ముందుగాల మాగిన పండు. కొత్త కుప్ప నడుమ పెడ్తం. అది మిగిలినయాటిని పిలుస్తది. పాలకు తోడేసినట్టే."

"ప్రతి కుప్పకూ కొత్తదేనా?"

"పాత కుప్పల పండే కొత్త కుప్పకు తోడు. మా అత్తకు ఆమె అత్త చెప్పింది. ముత్తైదు చేతితోనే పెట్టాలె. పెట్టినంక కుప్ప ఇప్పేదాక తియ్యొద్దు."

"తీస్తే?"

వీరేశం బదులు చెప్పాడు. "తోడు తీస్తె ఇంట్ల తోడు వోతదంటరు. అంటె నేను."

పండిన పండు పక్కనున్న కాయను తొందరగా పండిస్తుందన్న సంగతి నిజమే. ఈ ఇంటి ఆడవాళ్ళు దాన్ని మా శాఖ కంటే ముందే కనిపెట్టారని డైరీలో రాసుకున్నాను. అంతకు మించి ఆలోచించలేదు.

తోట

మే 11. ఎడ్లబండి మీద తోటకు వెళ్ళాను. నాతో వీరేశం. అక్కడ మా కోసం దొర గుమస్తా ముందే వచ్చి కూర్చున్నాడు. బక్కపలచని మనిషి, చేతిలో బెత్తం. కొమురయ్య, ఆయన భార్య లచ్చమ్మ చెట్ల కింద నిలబడి ఉన్నారు.

కొమురయ్య కోత చూపించాడు. పొడుగు కర్రకు చిక్కం కట్టి, కాయను అందులోకి లాగుతున్నాడు. లాగినప్పుడు తొడిమ మొదటికంటా ఊడిపోతోంది. కాయ ముచ్చిక దగ్గర పచ్చిగాయం. సొన కారిపోవాలని కాయల్ని తలకిందులుగా, గాయం నేలకు ఆనేలా, ఉత్త మట్టి మీద వరసగా పెడుతున్నాడు. మా వైపు వేలెడు తొడిమ ఉంచి కోస్తాం, ఎండుగడ్డి మీద పెడతాం. రాలిన ఆకు, ఎండిన పుల్ల కుళ్ళే మట్టిలో ఆ బూజు ఉండనే ఉంటుంది. ముప్ఫై ఏళ్ళు రైతులకు చెప్పిన మాట అది. నోట్లో సిద్ధంగా ఉంది.

"ఇదిగో, తప్పు ఇక్కడే ఉంది," అన్నాను.

గుమస్తా బెత్తం చంకలో పెట్టుకుని లేచాడు. "అయితే కసూర్ తోటదే. ఫైసలా అయిపోయింది."

"నేను చూసింది ఇంకా..." అంటున్నాను. ఆయన వినలేదు.

"కొమురయ్యా, ఆదివారం దాక టైమిస్తాన. గుడిసె ఖాళీ చెయ్యి."

కొమురయ్య నా వైపు చూడలేదు. చేతిలో ఉన్న కాయను కూడా మిగిలిన వాటి వరసలోనే, గాయం మట్టికి ఆనేలా పెట్టాడు. వీరేశం ముఖంలో సంతోషం ఉంటుందనుకున్నాను. లేదు. తిరుగుదారిలో అన్నాడు: "పంతులుగారూ, వాడు నా చిన్నప్పటి సంది ఆ తోటల్నే ఉన్నడు. వాన్ని ఎల్లగొట్టాలని మిమ్ముల పిలువలే. కాయ ఎందుకు చెడుతాందో చెప్తరని పిలిచిన."

ఆ సాయంత్రం డైరీలో 'తప్పు తోటలో' అని రాసి ఉన్న పంక్తి చూసుకున్నాను. తోట ఒక్కటే చూశాను. మాగగదిలో కుప్ప విప్పుతుండగా చూడలేదు. సగం చూసి మొత్తం చెప్పాను. మా శాఖలో నా కింద పనిచేసినవాళ్ళు ఇలా చేస్తే వాళ్ళ కాగితాలు వెనక్కి పంపేవాణ్ణి.

గుడిసె

మే 12. ఒక్కణ్ణే మళ్ళీ తోటకు వెళ్ళాను. కొమురయ్య చెట్ల మధ్య ఎక్కడో ఉన్నాడు. లచ్చమ్మ గుడిసె ముందు మూట కడుతోంది. నన్ను చూసి లేచి నిలబడింది. తప్పు చూడ్డానికి మళ్ళీ వచ్చానని చెప్పాను.

"ఇంకేం జూస్తరయ్యా? నిన్న జూసిండ్రు గదా," అంది.

నిన్న సగమే చూశానని అన్నాను. ఆమె అటూ ఇటూ చూసి, లోపలికి రమ్మంది. గుడిసె మూల మోదుగాకుల కుప్ప. ఆకులు పక్కకు తీసింది. కింద మామిడిపండ్లు, ముప్ఫై దాకా. పసుపురంగు తిరిగి, ముచ్చిక దగ్గర కూడా శుభ్రంగా ఉన్నాయి. ఒకటి తీసి చేతిలో పెట్టింది. బేనిషానే. మచ్చ లేదు.

"ఏ చెట్టువి?"

"గా చెట్లవే. గా మట్టి మీద పెట్టినవే. గాలికి రాలినయి, గంపకెక్కని చిన్నయి. దొర తోటల ఆకు తీస్కున్నా దొంగతనమే అంటరు. గివి సూపెట్టి నా మొగడు మంచోడంటే, నా మొగడు దొంగంటరు. అందుకే ఆయన నోరు తెరుస్తలేడు. నేను మీకు సూపెట్టిన్నని ఆయనకు ఎర్కలేదు."

ఆయన్ను కాపాడే సాక్ష్యం ఆయన్ను ముంచే సాక్ష్యమే.

"ఇందులో తోడు పండు పెట్టారా?" అని అడిగాను.

ఆమె ఆ సమయంలోనూ నవ్వింది. "మాకేడి తోడయ్యా! గది సావుకార్లింట్ల ఆచారం. మా పండ్లు వాటంతటవే మాగుతయి."

అక్కడే కూర్చుండిపోయాను. ఒక చెడిన పండు ఒక కుప్పలోంచి ఇంకో కుప్పకు, దాన్లోంచి మరో కుప్పకు, పసుపు బొట్టుతో ప్రయాణం చేస్తున్న దృశ్యం కనపడింది. అందరికంటే ముందు పండేది ఏ పండు? చాలాసార్లు, బూజు పట్టినదే. తెగులు తగిలిన కాయకే తొందరగా రంగు తిరుగుతుంది. ఆ ఇంట్లో ప్రతి కుప్పకూ ఏరి ఏరి దాన్నే ఎన్నుకుంటున్నారు.

కాని ఇది నా ఊహ. నిన్న ఒక ఊహను గట్టిగా అని ఒక మనిషి గుడిసె పోగొట్టాను. ఈసారి నిరూపించాలి, ఆ ఆకుల కుప్ప మాట ఎత్తకుండా.

రెండు కుప్పలు

గుమస్తా ఇంటికి వెళ్ళి, నిన్నటి మాట తొందరపడి అన్నానని, తోడు పండుతో ఒక కుప్ప, లేకుండా ఒక కుప్ప పెట్టి ఆదివారానికి తేలుస్తానని చెప్పాను. ఆయన బెత్తంతో తన మోకాలు మీద చిన్నగా కొట్టుకున్నాడు.

"పంతులూ, దొరకు ఒక మాట చెప్పినంక మల్ల ఇంకో మాట చెప్పుడు నాతోని కాదు. ఆదివారం నేనే వస్త. కండ్లతోని చూస్త. చూసింది చెప్త."

అదే మధ్యాహ్నం కొమురయ్య చేత ఒకే చెట్టు నుంచి రెండు వందల కాయలు కోయించాను. తొడిమ ఉంచమని నాలుక చివరిదాకా వచ్చింది. అనలేదు. కాయల్ని ఎప్పటిలాగే మట్టి మీద తలకిందులుగా పెట్టమన్నాను.

కొమురయ్య పని ఆపేశాడు. "గట్లనే పెట్టుమంటరా? నిన్న గట్ల పెడ్తనే గదా నా కొంప మునిగింది?"

"కోత మారిస్తే దేనివల్ల బాగుపడిందో తెలియదు, కొమురయ్యా. రెండు కుప్పల్లో తేడా ఒక్కటే ఉండాలి."

"మీ లెక్క మీకెర్క," అని పెట్టాడు. నన్ను నమ్మి కాదు. వేరే దారి లేక.

చెరి వంద. ఒకే గడ్డి. ఒక కుప్ప మాగగదిలో సత్తెమ్మ చేత్తో, తోడు పండుతో. రెండోది తోడు లేకుండా. ఈ రెండో మాటకు ఆమె గడప మీద అడ్డం నిలబడింది.

"నా ఇంట్ల తోడు లేని కుప్ప పెట్టను. మీరు పెద్దోళ్ళు, మీ మాట కాదనద్దు. కని నేను పెట్టను."

"మీరు పెట్టవద్దమ్మా. నేను పెడతాను. నేనుండే గదిలో."

"మీ ఇంటావిడ..."

"పోయి ఆరేళ్ళయింది."

"తోడు లేని కుప్ప తోడు లేనాయన దగ్గరనే ఉండాలె. పెట్టుకోండ్రి," అంది. ఎత్తిపొడుపో జాలో నాకు తెలియలేదు. గడ్డి మాత్రం తానే మోసుకొచ్చి గది బయట పడేసింది.

ఆ నాలుగు రోజులు నేను వేయిస్తంభాల గుడి చూశాను, కోట చూశాను. పొరుగు దేశం నుంచి వెళ్ళినవాణ్ణి కదా, ఒకటి రెండు పేజీలు వాటి గురించి రాసుకున్నాను కూడా. ఇప్పుడు చదివితే, రాళ్ళ గురించి రాసిన ప్రతి పేరా చివరా కాయల వాసన గురించి ఒక వాక్యం ఉంది. కుప్ప విప్పి చూడకూడదు. వాసన చూడవచ్చు. పధ్నాలుగో తారీకున నా గదిలో తియ్యటి వాసన మొదలైంది. పదిహేనున దాని అడుగున పులుపు వాసన వచ్చింది. గడ్డి వాసనా, కుళ్ళు వాసనా? తలుపు దగ్గర, కిటికీ దగ్గర, మంచం మీద పడుకుని ముక్కుతో వెతికాను. ఎండకు గోడలు కాలుతున్నాయి. నాకైతే మాగగది వాసన కంటే నా గది వాసనే పాడుగా తోచింది.

కొమురయ్య రోజూ తోట నుంచి నడిచి వచ్చేవాడు. వాకిట్లో నిలబడేవాడు. ఏమీ అడిగేవాడు కాదు. సత్తెమ్మ అంబలి పోస్తే తాగి, చెంబు కడిగి పెట్టి వెళ్ళిపోయేవాడు. పదిహేనో తారీకున మాత్రం వెళ్ళబోతూ అన్నాడు: "అయ్యా, మూటలైతే కట్టినం. ఏడికి పోవాల్నో తెలుస్తలేదు."

విప్పిన రోజు

మే 16, ఆదివారం. గుమస్తా వచ్చి పీట మీద కూర్చున్నాడు. వీరేశం, కొమురయ్య, నేను. సత్తెమ్మ తలుపు చాటున ఉంది.

"ముందుగాల సావుకారి కుప్ప ఇప్పు," అన్నాడు గుమస్తా.

వరస వరసగా తీయాలని, ఒక్క పండూ దొర్లించవద్దని నేను చెప్పాను. మొదటి వరస, అంచున ఉన్నవి, శుభ్రంగా వచ్చాయి. రెండో వరస శుభ్రంగా వచ్చింది. గుమస్తా నా వైపు చూశాడు. కొమురయ్య కళ్ళు నేల మీద ఉన్నాయి. ఈ కుప్ప బాగుంటే తోడు మాట అబద్ధం. నా గదిలో ఆ పులుపు వాసన గుర్తొచ్చింది.

మూడో వరసలో ఒక పండుకు బుగ్గ మీద నలుపు. దాని పక్కదానికీ. వాటిని తీసి, చెడిన వైపు ఎటు ఉందో చూపించాను. లోపలి వైపు, కుప్ప నడుమ వైపు. తరవాతి వరసలో అన్నిటికీ అదే. నడిమికి వెళ్ళేకొద్దీ మచ్చ పెద్దదవుతూ వచ్చింది. చివర తోడు పండు చేతికి రాలేదు. మునివేళ్ళ కింద జారిపోయింది. పసుపు, కుంకుమ, వాటి మీద నల్లటి మసి. గుమస్తా ముక్కుకు కండువా అడ్డం పెట్టుకున్నాడు. వందలో ముప్ఫై ఏడు చెడిపోయాయి.

"ఇప్పుడు మీది."

నా కుప్ప విప్పాం. ఒకటి, రెండు, పది. శుభ్రం. ఇరవై రెండోది ముచ్చిక దగ్గర నల్లగా ఉంది. తీసి పక్కన పెట్టాను. తరవాత ఇంకోటి. కుప్పంతా తీసేసరికి పక్కన తొమ్మిది. అవి ఒక చోటివి కావు, ఇక్కడొకటి అక్కడొకటి. నా పులుపు వాసన వాటిదే.

గుమస్తా బెత్తంతో ఆ తొమ్మిదింటినీ చూపించాడు. "మరి గివి? వీటికి తోడు లేదు గదా. గివి ఎక్కడియి?"

వీరేశం నన్ను చూశాడు. కొమురయ్య మొదటిసారి తలెత్తి నన్ను చూశాడు. ఒక అబద్ధం చాలు. కాని అబద్ధం చెబితే ఆ ముప్ఫై ఏడు గురించి చెప్పినదీ అబద్ధమవుతుంది.

"అవి తోటవే," అన్నాను. "వేలెడు తొడిమ ఉంచి కోసి, గడ్డి మీద పెడితే వాటిలో చాలా మటుకు తగ్గుతాయి. ఒకటి రెండు ఎలాగూ ఉంటాయి, పూత మీద మంచు పడ్డప్పుడే బూజు లోపల చేరి, పండేదాకా కనపడకుండా కూర్చుంటుంది. వాటికి ఎవరూ బాధ్యులు కారు. ఆ తొమ్మిది తోటవి. మిగిలిన ఇరవై ఎనిమిది తోడువి."

"తోడు ఎవలు పెట్టిండ్రు?"

అప్పుడు సత్తెమ్మ గడప దాటి బయటికి వచ్చింది.

"నేను పెట్టిన."

గుమస్తా నవ్వాడు. "అయితే ఆడామె చెయ్యి తగిలి కుళ్ళినయా?"

"చెయ్యి కాదు," అని నేను మొదలుపెట్టాను. రేణువులు, గాయం, తడి అంటూ చెబుతున్నాను. గుమస్తా ఆవులించాడు. ఆమె నన్ను ఆపింది.

"ఆగుండ్రి బాపూ. గుమస్తగారూ, మీ ఇంట్ల పాలకు తోడేస్తరా? పులిసిన తోడేస్తె పెరుగు ఏమైతది?"

"పులుస్తది."

"ఆ పెరుగే మల్ల రేపటికి తోడేస్తె?"

"ఇంకింత పులుస్తది."

"గంతే. నేను పులిసిన తోడేసిన. మా అత్త ఏసింది, నేను ఏసిన. మొదటి పండు ఏదో మంచిదే ఉండె కావచ్చు. గీ ఏడు పులిసింది. కొమురయ్య ఇచ్చిన పాలు మంచివే."

గుమస్తా నవ్వు ఆగింది. నేను ముప్ఫై ఏళ్ళు చెప్పలేనిది ఆమె చెప్పింది. తరవాత వంగి, ఆ జారిపోయిన తోడు పండును గడ్డితో సహా రెండు చేతులా ఎత్తి, పెరట్లో పెంట మీద పారేసి, చేతులు బూడిదతో తోముకుని వచ్చింది.

"తోడు తీసేసిన," అంది భర్తతో. "ఇగ నీ ఆయుష్షు నువ్వు చూసుకో."

"రోజూ నువ్వు తిట్టే తిట్లకే పోలేదు, పండుకు పోతనా?" అన్నాడు వీరేశం.

గుమస్తా లేచాడు. "చూసిన. దొరకు చెప్త," అన్నాడు.

"కొమురయ్య సంగతి?" అని అడిగాను.

"చెప్త అన్న గదా," అని వెళ్ళిపోయాడు. ఆ రోజు ఇంకే కబురూ రాలేదు.

మరునాడు ఉదయం

మే 17. నా బండి పదకొండు గంటలకు. తెల్లవారకముందే ఎడ్లబండి మాట్లాడుకుని తోటకు వెళ్ళాను. గుడిసె తలుపు మూసి ఉంది. ముందున్న మూటలు కనపడలేదు. లచ్చమ్మ లేదు. తోట మధ్యకు నడిచాను.

ఒక చెట్టు మీద ఆకులు కదులుతున్నాయి. కింద గడ్డి పరిచి ఉంది. పైన కొమురయ్య. చేతిలో చిన్న కొడవలి.

"కొమురయ్యా! దొర ఏమన్నాడు?"

"ఏమన్లే అయ్యా."

"ఏమీ అనకపోవడమేమిటి?"

"పొమ్మన్లే. ఉండుమన్లే." కొమ్మ వంచి, కాయ తొడిమ మీద వేలు పెట్టి కొలిచి, కోశాడు. "పొద్దుగాల గుమస్త వచ్చిండు. ఇయ్యాల నాలుగు గంపలు గావాలె, కొయ్యి అన్నడు. గంతే."

"మూటలు?"

"లచ్చి ఇప్పుతాంది, లోపట. మల్ల కట్టాల్సి వస్తదేమో అని తాడు మాత్రం దాస్తాంది."

గుడిసె తలుపు ఎందుకు మూసి ఉందో అప్పుడు తెలిసింది. కొమురయ్య ఇంకో కాయ కోసి, చిక్కంలో వేసి, నెమ్మదిగా కిందికి దించాడు. నేను అందుకుని గడ్డి మీద పెట్టాను. తొడిమ వేలెడు ఉంది.

"అయ్యా," అన్నాడు పైనుంచి. "మీరు సదువుకున్నోళ్ళు. కాయ కొయ్యిమన్నోడు పొమ్మన్నట్టు కాదు గదా?"

నేను ఇంకో కాయ అందుకోవడానికి కొమ్మ కిందికి వెళ్ళి తల ఎత్తాను.

"జర పక్కకు జరుగుండ్రి అయ్యా," అన్నాడు. "కండ్లల్ల సొన పడ్తది."

జరిగాను. ఆయన ఇంకో కొమ్మ అందుకున్నాడు.